రెండోసారి అడిగేవాళ్ళు

ఆ రోజుల్లో ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా మా ఇంటి మనుషుల్ని భోజనానికి లేపడానికి పెళ్ళివారు విడిగా ఒక మనిషిని పెట్టుకోవలసి వచ్చేది. తక్కినవాళ్ళందరూ "వడ్డించేశారు, రండి" అన్న కేక వినగానే చేతులు కడుక్కుని వరసల్లో కూర్చునేవారు. మేం లేచేవాళ్ళం కాదు. "పరవాలేదు, కానివ్వండి" అని కుర్చీల్లో ఇంకాస్త నిటారుగా సర్దుకునేవాళ్ళం. కాసేపటికి పెళ్ళికూతురి బాబాయో, మేనమామో వచ్చి మళ్ళీ పిలిచేవారు. "ఇంకా ఆకలి కాలేదండీ, తరవాతి బంతికి చూద్దాం" అనేవారు మా నాన్న. చివరికి పెళ్ళిపెద్ద స్వయంగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు, ఆయన మాట తీసెయ్యలేక లేచినట్టు లేచేవాళ్ళం. (లేచిన తరవాత ఎంత తినేవాళ్ళమో వడ్డించినవాళ్ళకే తెలుసు.) "ఒక్క పిలుపుకే లేచిపోతే అన్నం కోసమే వచ్చారనుకోరట్రా?" అనేది మా నాయనమ్మ. మరి దేనికోసం వెళ్ళేవాళ్ళమో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

దీనికంతటికీ ఒక కారణం ఉంది. అనకాపల్లి బెల్లం బజారులో మా తాతగారికి సొంత కొట్లుండేవట. ఆయన నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ కొట్లు ఇతరుల పేర్ల మీద ఉన్నాయి, మా ఇంటి ముందు గదిలో ఫొటోస్టాట్ మిషను అద్దెకుంది, అరుగు మీద మమ్మల్ని చూసి లేచేది ఒక్క కుక్క. అన్నీ పోయాక మా దగ్గర మిగిలింది బతిమాలించుకునే అలవాటు ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకుండా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాం.

అలాంటి ఇంట్లో పుట్టి, డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎవర్నీ అడక్కుండా ఇంట్లో కూర్చున్నాను. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని నా నమ్మకం. ఎవరూ రాలేదు. చివరికి మా మేనత్త కొడుకు, నా బావ, నన్ను స్కూటరెక్కించుకుని బెల్లం బజారులో ఒక షావుకారు కొట్టుకు తీసుకెళ్ళాడు. ఆ షావుకారుకి పల్లెలు తిరిగే మనిషి కావలసి ఉంది. మేం కూర్చోగానే ఆయన అడిగాడు:

"ఏటి బాబూ, టీ తాగుతావా?"

"వద్దండీ."

"సరే" అని ఆయన బయటికి కేకేశాడు, "రెండు టీలు!" ఆ రెండూ వచ్చాయి. ఒకటి ఆయన తాగాడు, ఒకటి మా బావ తాగాడు. రెండో పిలుపు ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని నేను ఇద్దరి గ్లాసుల వంకా చూస్తూ కూర్చున్నాను. మా బావ బల్ల కింద నా కాలు తొక్కాడు. గ్లాసు కింద పెట్టి షావుకారు ఉద్యోగం సంగతి చెప్పాడు. రైతు తన బెల్లం దిమ్మలు ఏ కొట్లో దింపుకోవాలన్నది రైతు ఇష్టం. బజారు నిండా కొట్లే. తన కొట్టుకే ఎందుకు రావాలి? తాము ఇంటికెళ్ళి పిలుస్తారు గనక. "పిలవడమంటే ఒకపాలి పిలిసి ఒగ్గేయడం కాదు బాబూ. బతిమాలాలి. నీ పని అదే, బతిమాలడం."

నా వెన్ను ఇంకాస్త నిటారైంది. బతిమాలడం అనేది మా ఇంట్లో ఇతరులు చేసే పని.

"బుచ్చయ్యపేట కాడ ఒక రైతున్నాడు" అన్నాడు షావుకారు. "బజారంతా బంగారం మామ అంటారు. ఆయన బెల్లం రంగు బంగారంలాటిది. ఏళ్ళ తరబడి మన కొట్టుకే తెచ్చేవోడు. ఈ యేడు పక్క కొట్లో దింపుతున్నాడు, ఎందుకో సెప్పడు. ఎల్లుండి మార్కెట్టుకి ఆయన దిమ్మలు మన కొట్టుకి వచ్చేయంటే నువ్వు మన మనిషివి. లేకపోతే మా బావమరిది కొడుకున్నాడు, మంచి నోరున్నోడు. ఏటి, వెళ్తావా?"

"ఆలోచించి చెబుతానండీ" అన్నాను అలవాటు కొద్దీ.

"అలాగే" అని ఆయన ఫోనందుకుని, బావమరిదికే కాబోలు, నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. మా బావ గభాల్న లేచి, "ఆలోచించేశాడండీ, వెళ్తాడు!" అన్నాడు. బయటికొచ్చాక నడిబజారులో నిలబెట్టి తిట్టాడు. "బావా, ఇది బెల్లం బజారు. ఇక్కడ వేలంపాటలో ఒకడు తల అడ్డంగా ఊపేడంటే పాట పక్కవాడి మీదకి పోద్ది. రెండోసారి ఎవడూ అడగడు. నువ్వేమో మొహం చూపిస్తే చాలు, పల్లకీ వచ్చేద్దని కూకున్నావు."

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ ఆ వార్తను ఫొటోస్టాట్ అబ్బాయితో మొదలుపెట్టి వీధి చివరి దాకా చెప్పేసింది. అదీ ఉన్నదున్నట్టు కాదు. మా అబ్బాయికి కొట్లో మేనేజరు ఉద్యోగం వచ్చింది, వాళ్ళే ఇంటి చుట్టూ తిరిగి అడిగారు, అని. (అమ్మను ఏమనగలను? మా ఇంట్లో ఒక వార్త బయటికి వెళ్ళాలంటే ముందు అంత గంజి పెట్టుకునే వెళ్ళాలి.) అంటే నేను ఉద్యోగం లేకుండా తిరిగొస్తే నా ఒక్కడి పరువు కాదు, అమ్మ పరువు కూడా వీధిన పడుతుంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మంచం మీద ఇటు దొర్లి "మీరు రావాలండీ" అని ఒకసారి, అటు దొర్లి "తమరు దయచెయ్యాలి" అని ఒకసారి నాలో నేను అనుకుని చూశాను. రెండూ నా గొంతులో ఎవరో అద్దెకున్నవాళ్ళ మాటల్లాగే వినిపించాయి.

మర్నాడు పొద్దున్నే గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, స్టీలు నీళ్ళసీసా ఒకటి, మా తాతగారి వెండిపిడి గొడుగు ఒకటి పట్టుకుని బస్సెక్కాను. (వెండిపిడి అనేది పాత రోజుల మాట. వెండి ఎప్పుడో వెళ్ళిపోయింది, పిడి మిగిలింది.) దిగి చెరకు తోటల మధ్య మట్టిరోడ్డున నడుస్తుంటే ఎదురుగా బెల్లం పాకం వాసన వచ్చింది. ఆ వాసన వెంటే వెళితే బంగారం మామ పాక దొరికింది. పెద్ద పెనంలో చెరకురసం కుతకుతలాడుతోంది. పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోస్తూ, మీసాల మీద చెమట తుడుచుకుంటూ ఒకాయన నన్ను తలెత్తి చూశాడు. ముందు చొక్కాను చూశాడు, తరవాత గొడుగును, ఆఖరున నన్ను.

"ఎవరు బాబూ?"

ఫలానా కొట్టు తరఫున వచ్చానని చెప్పాను. నా జీవితంలో మొట్టమొదటి బతిమాలడం ఇలా సాగింది: "ఈసారి మీ దిమ్మలు మా కొట్టుకు పంపవలసిందిగా షావుకారు గారు కోరుతున్నారు."

"నేదు బాబూ, పంపను" అని ఆయన మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు.

అంతే. నేను అడిగాను, ఆయన చెప్పాడు. ఇప్పుడు మళ్ళీ అడగాలి. కానీ నోరు రాలేదు. అడిగినవాణ్ణి కాదన్నాక మళ్ళీ అడగడమనేది మా వంశంలో ఎవరూ చెయ్యలేదు, మాకు అలవాటున్నదల్లా కాదనడం. అలాగని లేచి వెళ్ళనూ లేకపోయాను. పాక పక్కన నులకమంచం ఉంటే దాని అంచున కూర్చున్నాను. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను. లేచి రోడ్డు వైపు చూశాను, మళ్ళీ కూర్చున్నాను. ఆయనా స్థిమితంగా లేడని నాకు తరవాత అర్థమైంది గాని, అప్పుడు మాత్రం ఆయన రసం మీద తెట్టు తీస్తూ, అవసరం లేకపోయినా పిప్పి ఎగదోస్తూ, మధ్యమధ్య నన్ను చూసి చూడనట్టు చూస్తుంటే, నన్ను ఎప్పుడు వదిలించుకుందామా అనుకుంటున్నాడని అనుకున్నాను.

మధ్యాహ్నమైంది. ఆయన భార్య ఇంట్లోంచి వేడన్నం, ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర తెచ్చింది. ఆ కూర వాసన ముందు పాకం వాసన వెనక్కి తగ్గింది. పొద్దున్న బస్సు హడావిడిలో నేను ఏమీ తినలేదు.

"తింతారా బాబూ?" అంది ఆవిడ.

"వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అంది నా నోరు.

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన కళ్ళెత్తకుండా, "తిన్నారంట కదే, ఒగ్గేయ్" అని పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. ఆయన ఒక్కొక్క ముద్దా ఎంత నిదానంగా తిన్నాడో చెప్పలేను. ఒక రొయ్యను వేళ్ళతో పట్టుకుని కాసేపు చూసి మరీ నోట్లో వేసుకున్నాడు. నన్ను రెండోసారి అడగని మొదటి ఇల్లు షావుకారు కొట్టు అయితే, రెండోది ఇది. వెన్ను నిటారుగా పెట్టుకుని చెరకు తోటల అందం చూస్తున్నట్టు కూర్చున్నాను. కడుపు మాత్రం మా వంశ మర్యాదలేవీ తెలియనట్టు పెద్దగా గురగురమంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక లాభం లేదని లేచి, "వస్తానండీ" అని రోడ్డు పట్టాను. తోట మలుపు దాకా వెళ్ళాక గొడుగు మంచం మీదే ఉండిపోయిందని గుర్తొచ్చింది. గొడుగు పోతే ఇంట్లో అడుగు పెట్టనక్కరలేదు. గబగబా వెనక్కి వచ్చాను. ఆయన పాక బయటే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తటాలున లోపలికెళ్ళి గరిటె పట్టుకున్నాడు.

"గొడుగు మరచిపోయానండీ" అని తీసుకుని, ఎలాగూ వచ్చాను గదా అన్నట్టు, "పోనీ, ఆ విషయం ఇంకొకసారి ఆలోచిస్తారా?" అన్నాను.

"ఆలోసించేను బాబూ. రాను."

మళ్ళీ రోడ్డెక్కాను గాని, ఈసారి నా నడక మారింది. ఏం జరిగిందో నాకు తెలిసొచ్చింది. నేను రెండోసారి అడిగాను! ఆకాశం విరిగి పడలేదు. గొడుగు కోసం వచ్చినవాడు మాట వరసకు అడిగితే అది బతిమాలడం కిందకి రాదు, ఎవరికి చెప్పుకున్నా రాదు. అలా అనుకుని నాలుగడుగులు వేశాక నా చేతిలో నీళ్ళసీసా కూడా లేదని గమనించాను. దాన్ని మాత్రం నేను లేచేటప్పుడే మంచం కిందకి కాలితో నెట్టాను. (ఇప్పుడు చెబుతున్నాను గాని, ఆ రోజు నాక్కూడా చెప్పుకోలేదు.)

వెనక్కి వచ్చేసరికి ఆయన పొయ్యి దగ్గర లేడు. ఆవిడ ఒక్కతే గుమ్మంలో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది.

"ఓలమ్మ, ఇదేటి బాబూ ఇద్దరికిద్దరూ! ఆ దిమ్మలు సూడు, పొద్దున్నించి తుడిసి వరసలు పెట్టి కూకున్నాడు మీ కొట్టుకే ఎత్తుదారని. నువ్వు ఎల్లినప్పుడల్లా తోట గట్టెక్కి రోడ్డు కేసి సూత్తన్నాడు. నిరుడు మార్కెట్టు రద్దీలో మీ షావుకారు 'కూకో మామా' అన్లేదంట. నిలబడిపోనాడంట. అదీ ఈయన కోపం. ఏటి పోద్ది నీది? బతిమాలు, నా తల నొప్పి తగ్గుద్ది."

కూర్చోమని ఎవరూ అనకపోతే నిలబడిపోయే మనిషి! మా నాన్న ఒక పెళ్ళిలో ఎవరూ చెయ్యి పట్టుకుని లాగకపోతే ఆకలితో ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకున్న రాత్రి గుర్తొచ్చింది. అప్పటిదాకా ఈ జబ్బు మా ఇంటికే ఉందనుకున్నాను.

గట్టు మీద నుంచి ఆయన దిగివచ్చాడు. నన్ను చూసి, "ఈపాలి ఏటి మర్సిపోయేరు?" అన్నాడు.

"సీసా."

"అదిగో, మంచం కింద. మీరే నెట్టేరు, సూసేను."

సీసా తీసుకుని, "షావుకారు గారు మీ రాక కోసం ఎదురుచూస్తుంటారు" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"ఎదురు సూత్తే ఆయన్నే రమ్మను. ఆ పిలుపు ఆయనది. మీరు పిలిసినట్టు ఏదీ?"

గొడుగూ సీసా పట్టుకుని వచ్చేశాను. ఈసారి మలుపు దాటి రోడ్డు దాకా వెళ్ళిపోయాను. బస్సు వస్తూ కనిపించింది. గొడుగుంది, సీసా ఉంది, జేబురుమాలుంది, వెనక్కి వెళ్ళడానికి ఒక్క వంకా మిగల్లేదు. బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. అమ్మ వీధిలో నిలబడి ఉంటుంది. కండక్టరు తలుపు పట్టుకుని, "ఎక్కుతావా, నేదా?" అన్నాడు. మామూలుగా నేను రెండోసారి అడిగేదాకా చూస్తాను. ఆయన అడగలేదు, విజిలేశాడు, బస్సు వెళ్ళిపోయింది. ఆ దుమ్ములో కాసేపు అటూ ఇటూ పచార్లు చేసి, గొడుగు చంకన పెట్టుకుని, దాదాపు పరిగెత్తుతూ వెనక్కి వచ్చాను.

బంగారం మామ గట్టు మీదే ఉన్నాడు. ఈసారి దిగలేదు, దాక్కోలేదు.

"ఇంకేటి మర్సిపోయేరు బాబూ?"

"ఏమీ మరచిపోలేదు. మిమ్మల్ని బతిమాలడానికి వచ్చాను." అనేశాక తక్కినది సులువుగానే వచ్చింది. "రా మామా. నువ్వు రాకపోతే నాకు ఉద్యోగం లేదు. మా అమ్మ వీధంతా చెప్పేసింది. ఆ కొట్లో నిన్ను కుర్చీలో కూర్చోబెట్టే పూచీ నాది. నువ్వు కూర్చునేదాకా నేనూ కూర్చోను. రా మామా!"

ఆయన గట్టు దిగాడు. మీసం కొస తిప్పుకున్నాడు. "ఇప్పుడు పిలిసేవు" అన్నాడు. తరవాత పాక వైపు తిరిగి గట్టిగా అరిచాడు, "ఏమే, అల్లుడొచ్చేడు, అన్నం ఎట్టు!"

ఆవిడ పళ్ళెం నిండా పెట్టుకొచ్చింది. "తింతావా?" అంది ముసిముసిగా.

"వద్ద..." అంది నా నోరు, అంత జరిగాక కూడా.

"వద్దంట, తీసుకుపోవే" అన్నాడు బంగారం మామ. నేను రెండు చేతులా పళ్ళెం పట్టేసుకున్నాను. ఆయన నవ్విన నవ్వుకు పెనం దగ్గరున్న గరిటె జారి కిందపడింది. నేను నవ్వలేదు, నోటినిండా వంకాయ కూర ఉంది.

మర్నాడు మార్కెట్టుకు దిమ్మలు వచ్చాయి. షావుకారు లోపల బేరంలో ఉంటే నేనే కుర్చీ తుడిచి, "కూర్చో మామా" అన్నాను. "పరవానేదు, నిలబడతాను" అన్నాడు. మళ్ళీ అన్నాను. "నాకేటి కాళ్ళు నొప్పులా?" అన్నాడు. మూడోసారి చెయ్యి పట్టి లాగితే, నా మాట తీసెయ్యలేక కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు ఎంత బాగా తెలుసో! షావుకారు బావమరిది కొడుకు వేరే ఊళ్ళో ఏదో ఉద్యోగం చూసుకున్నాడని విన్నాను. నేను ఆ కొట్లోనే ఉండిపోయాను.

ఇప్పుడు బతిమాలేవాళ్ళు చాలామందే ఉన్నారు. అప్పు తీసుకోమని తెలియని గొంతులు ఫోనులో బతిమాలతాయి, వోటెయ్యమని మైకులు బతిమాలతాయి, ఏదో అనుమతి ఇమ్మని ఫోనే నన్ను రోజూ అడుగుతుంది, ఎన్నిసార్లు కాదన్నా విసుక్కోదు. అవేవీ నా కోసం కాదని నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో మాత్రం ఎవరూ పిలవరు. పళ్ళెం మనమే తీసుకుని మనమే వరసలో నిలబడాలి. నేను ఇప్పటికీ ఒక మూల కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. మా ఆవిడ దూరం నుంచి ఒకసారి చూసి, రెండోసారి చూసి, మూడోసారి విసుగ్గా వచ్చి చెయ్యి పట్టి లేపుతుంది. (ఆ విసుగు నటనో నిజమో నేను ఎప్పుడూ విచారించలేదు.)

ఏటేటా బెల్లం వంట మొదలవగానే బంగారం మామను పిలవడానికి నేనే వెళతాను. వస్తాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రానంటాడు. నేను బండి దాకా వెళ్ళి, ఏదో మరచిపోయినట్టు తిరిగొచ్చి మళ్ళీ అడుగుతాను. మళ్ళీ రానంటాడు. ఇంకోసారి వస్తాను, అప్పుడు సరేనంటాడు. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది గాని ఆ వరస మారలేదు. ఈ యేడు కూడా అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆయన సరేనన్నాడు, అత్త పెట్టిన అన్నం తిన్నాను, బండి తీసి మలుపు దాకా వచ్చాక చూసుకుంటే కళ్ళజోడు లేదు. ఈసారి నిజంగానే మంచం మీద మరచిపోయాను. ఈమధ్య ఇలా నిజంగా మరచిపోవడం ఎక్కువైంది.

వెనక్కి వెళ్ళాను. ఆయన గట్టు మీదే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆ ముసలి మొహం వెలిగిపోయింది.

"వత్తానని సెప్పేను కదా అల్లుడూ! ఇంకా బతిమాలతావేటి? నాకోసం ఎన్నిపాల్లు తిరుగుతావు?"

మంచం మీద కళ్ళజోడు ఎండలో తళుక్కుమంటోంది. ఆయన దాన్ని చూడలేదు. నేను బండి మీదనే నిటారుగా కూర్చుని, "ఏం లేదు మామా, నువ్వు తప్పకుండా రావాలి" అన్నాను. తిరిగి అనకాపల్లి దాకా ఎదురొచ్చే ప్రతి లారీకీ పక్కకు తప్పుకుంటూ, చాలా మెల్లిగా, చాలా సంతోషంగా వచ్చాను.